48 ఏళ్ళకి గోవా 70.3: సముద్రంలో ఈత, విరాళాలు అడగడం గురించి సలహా కావాలి

అడిగినవారు: నాయుడుపేట ఆడపడుచు

అందరికీ నమస్కారం. మాది నాయుడుపేట. పెళ్ళయిన దగ్గర్నుంచీ చెన్నైలోనే, ఇప్పుడు ఆదంబాక్కంలో ఉంటున్నాం. వయసు 48. గిండీలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బాబు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, అత్తగారు మా దగ్గరే ఉంటారు. వచ్చే ఏడాది గోవాలో ఐరన్‌మ్యాన్ 70.3 పూర్తిచేసి, దాని పేరు మీద ఐదు లక్షలు పోగుచేయాలని గట్టిగా అనుకున్నాను. చేయాలా వద్దా అన్న సందేహం లేదు. ఎలా అన్న దగ్గరే మీ సాయం కావాలి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా: సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, ఒడ్డుకొచ్చి 90 కిలోమీటర్ల సైకిల్, సైకిల్ దిగి 21.1 కిలోమీటర్ల పరుగు. మూడూ కలిపితే 70.3 మైళ్ళు, అందుకే ఆ పేరు. సాధారణంగా ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి, అందులో ఈతకి గంటా పది నిమిషాలు గడువు. పూర్తి ఐరన్‌మ్యాన్ అంటే దీనికి రెట్టింపు. అది నా ఆలోచనలో లేదు.

ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. కిందటేడాది మా వదినకి రొమ్ము క్యాన్సర్ అని తేలి, అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యం చేయించాం. ఆపరేషన్, కీమో అయ్యాక రేడియేషన్. శని, ఆదివారాలు తప్ప రోజూ వెళ్ళాలి, అలా వారాల తరబడి. వదిన మా ఇంట్లోనే ఉండి వెళ్ళొచ్చేది, వీలైన రోజుల్లో నేను తోడు వెళ్ళేదాన్ని. అక్కడ కూర్చుంటే చుట్టూ మన తెలుగే వినపడుతుంది. కావలి, ఒంగోలు, శ్రీకాళహస్తి, పలమనేరు. వదినకి మా ఇల్లుంది. పక్కన కూర్చున్నామెకి లేదు. సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైల్లో రోజూ వచ్చిపోయే ఒక పెద్దాయన ఉండేవాడు. గొంతుకి రేడియేషన్. మింగడం కష్టం. భార్య ఫ్లాస్కులో రాగిజావ తెచ్చి చెంచాతో పట్టేది. ఇక్కడే చిన్న గది తీసుకోవచ్చు కదమ్మా అన్నాను. "గదికిస్తే తిండికుండదు తల్లీ" అంది.

అలాంటి కుటుంబాలకి వైద్యం జరిగినన్నాళ్ళూ గది, రెండుపూటలా భోజనం ఇచ్చే ఒక చిన్న ట్రస్టు అడయార్ దగ్గర ఉంది. ఐదు లక్షలూ వాళ్ళకే. అడగకుండా వాళ్ళ పేరు ఇక్కడ వేయడం పద్ధతి కాదు కాబట్టి వేయలేదు.

ఇప్పుడు నా పరిస్థితి. 10 కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తగలను, నెమ్మదిగానే. వేలచ్చేరి ఈతకొలనులో ఫ్రీస్టైల్ కిలోమీటరు దాకా చేస్తాను, మధ్యలో గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటాను. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ ఉంది. సముద్రంలో మాత్రం నడుములోతు దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. తలుచుకుంటేనే గుండె దడదడలాడుతుంది. నాకు దొరికే సమయం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు వరకూ, ఆదివారం పదిదాకా.

ఇంకో విషయం. మా మరిది అడిగాడు: "ఎంట్రీ ఫీజు, మంచి సైకిల్, గోవా ప్రయాణం, హోటల్, ఇదంతా కలిపితే ఒక కుటుంబానికి ఎన్నాళ్ళ గది వస్తుంది వదినా? ఆ డబ్బే నేరుగా ఇచ్చేస్తే పోదా?" అతను వెక్కిరించడానికి అనలేదు, నిజంగానే అడిగాడు. నేనూ నిజంగానే జవాబు చెప్పాలి. రేపు ఎవరినైనా డబ్బు అడిగితే వాళ్ళ మనసులోనూ ఇదే ప్రశ్న ఉంటుంది కదా.

జవాబు: అన్నానగర్ డాక్టరు

ముందు రక్తపరీక్ష చేయించుకోండి, తర్వాతే సైకిల్ కొనండి. సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల చక్కెర సగటు). మన ఆడవాళ్ళలో నలభై దాటాక నెలసరి ఎక్కువై రక్తం పోవడం చాలా మామూలు. ఆయాసం వస్తే వయసైపోయింది అనుకుని ఊరుకుంటారు. గర్భిణులు కాని స్త్రీలకి హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది రక్తహీనతే. 10 హిమోగ్లోబిన్‌తో ఎంత శిక్షణ తీసుకున్నా కాళ్ళకి చేరాల్సిన ఆక్సిజన్ చేరదు. ఐరన్ నిల్వలు నిండటానికి నెలలు పడుతుంది, అందుకే ఇప్పుడే చూసుకోవాలి.

రెండోది గుండె. బీపీ, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండెని చూసే పరీక్ష) చేయించి, ఏం చేయబోతున్నారో కార్డియాలజిస్టుకి వివరంగా చెప్పండి. ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో గుండెపోటు వచ్చి ఉంటే అది తప్పకుండా చెప్పండి. పరిగెడుతున్నప్పుడు ఛాతీ మీద బరువు, దవడ లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం, వాంతి వచ్చేట్టు ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆడవాళ్ళలో గుండె ఇబ్బంది ఎప్పుడూ ఛాతీ నొప్పిగానే రాదు, దాన్ని గ్యాస్ అనుకుని వదిలేసినవాళ్ళని చూశాను.

ఎముకల సంగతి ఎవరూ చెప్పరు. నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు వేగంగా పలచబడతాయి. ఈత, సైకిల్ గుండెకి మంచివే కానీ ఎముక మీద బరువు పడనివ్వవు. వారానికి రెండుసార్లు అరగంట స్క్వాట్లు, ఒక కాలు ముందుకేసి మోకాళ్ళు వంచి లేవడం, బరువులు ఎత్తడం పెట్టుకోండి. ఏదైనా మానాల్సివస్తే పరుగు మానండి, ఇది మానకండి.

చెన్నై ఉక్కలో అందరూ నీళ్ళు తాగమంటారు. గంటల తరబడి చెమటపట్టినప్పుడు ఉత్త నీళ్ళు విపరీతంగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి రావచ్చు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, సగం సగం కలపకూడదు. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. దాన్నిబట్టి మీ లెక్క మీకే తెలుస్తుంది. జ్వరం ఉన్న రోజు, తగ్గిన వెంటనే, శిక్షణ వద్దు. డెంగీ కాలంలో మరీ వద్దు.

వయసు గురించి ఒక్కమాట. అమెరికాలో మడోనా బూడర్ అనే క్రైస్తవ సన్యాసిని 48వ ఏట పరుగు మొదలుపెట్టారు. మీ వయసే. 2012లో 82 ఏళ్ళప్పుడు కెనడాలో పూర్తి ఐరన్‌మ్యాన్ గడువులోగా ముగించారు.

జవాబు: తిరువాన్మియూరు సైకిల్

అమ్మా, మాది కావలి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. సముద్రం గురించి నేను చెబుతా, ఎందుకంటే నేనూ 44 ఏళ్ళకి అదే భయంతో దిగాను.

మొట్టమొదట, మెరీనాలో దిగొద్దు. ఏటా ప్రాణాలు పోయే చోటది, పోలీసులు దిగనివ్వరు కూడా. ఏ బీచ్‌లో అయినా ఒంటరిగా దిగొద్దు. ఇక్కడ సముద్రంలో ఈదేవాళ్ళ బృందాలున్నాయి, తోడుగా జాలరుల పడవ వస్తుంది. ఆ రోజు నీళ్ళలోకి వెళ్ళొచ్చో లేదో ఆ జాలరి చెబితే వినాలి, మనం తెచ్చుకున్న యాప్ కాదు. నడుముకి కట్టుకునే నారింజరంగు ఫ్లోట్, మెరిసే టోపీ తప్పనిసరి.

ఎక్కువ ప్రమాదం అలలు విరిగే చోటే. అది దాటితే నీళ్ళు పైకీ కిందికీ ఊగుతుంటాయి తప్ప మీద పడవు. అల వచ్చినప్పుడు ఎదురు నిలబడకుండా దాని కిందకి మునిగి అటు తేలాలి. ఇది నడుములోతులో, పక్కన తెలిసినవాళ్ళు ఉండగా వంటబట్టేదాకా చేయండి. లోపలికి లాగే పాయలో చిక్కితే ఒడ్డు వైపు పోరాడకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలి. ఉప్పునీళ్ళు కొలను కంటే బాగా తేలుస్తాయి, అది మీకు అనుకూలం. మొదటి కొద్ది నిమిషాలు ఊపిరి అందనట్టు ఉంటుంది, అందరికీ అంతే. వెల్లకిలా తిరిగి ఆకాశం చూస్తూ తేలండి, అదే సర్దుకుంటుంది. పోటీలో కూడా అలా తేలవచ్చు, బ్రెస్ట్‌స్ట్రోక్ చేయవచ్చు, కాపలాగా తిరిగే కయాక్ (చిన్న తెడ్డు పడవ) పట్టుకుని నిలవవచ్చు. దాన్ని పట్టుకుని ముందుకు జరగకూడదు, అంతే.

కొలనులో ఉండగానే మూడు పనులు అలవాటు చేసుకోండి. గోడ ముట్టకుండా గజం ముందే తిరగడం. ప్రతి ఆరేడు చేతులకి ఒకసారి కళ్ళు మాత్రం నీటిపైకెత్తి ముందు చూడటం. రెండువైపులా ఊపిరి తీసుకోవడం, ఎందుకంటే అల ఏవైపు నుంచి వస్తుందో చెప్పలేం.

కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో మన సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. గోవా పోటీ సరిగ్గా ఆ రోజుల్లోనే పెడుతుంటారు, అప్పటికి అరేబియా సముద్రం నెమ్మదిస్తుంది కాబట్టి. 2019 అక్టోబరులో మిరామార్ బీచ్‌లో మొదటిసారి పెట్టారు. కాబట్టి మీ సముద్రపు సాధనంతా జనవరి నుంచి సెప్టెంబరులోపు అయిపోవాలి. చివరి నెలలో చెన్నైలో దిగి నేర్చుకుందామంటే కుదరదు. వెట్‌సూట్ కొనొద్దు. నీళ్ళు 24.5 డిగ్రీలు దాటితే దాన్ని అనుమతించరు, గోవాలో అంతకంటే వెచ్చగానే ఉంటుంది.

సైకిల్‌కి మన ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఉండనే ఉంది. తిరువాన్మియూరు నుంచి మహాబలిపురం వెళ్ళి వస్తే పోటీ దూరానికి దగ్గరగా వస్తుంది. నాలుగున్నరకి బయల్దేరండి. వెనక ఎర్రలైటు, చొక్కాకి మెరుపుపట్టీ లేకుండా రావద్దు, వారాంతంలో ఆ రోడ్డు మీద కార్లు ఎలా పోతాయో మీకు తెలుసు. ముట్టుకాడు వంతెన మీద పక్కగాలి సైకిల్‌ని నెడుతుంది, హ్యాండిల్ బిగించి పట్టుకోకుండా వదులుగా ఉంచండి. పోయేటప్పుడు హాయిగా ఉందంటే వచ్చేటప్పుడు ఎదురుగాలి ఖాయం, సగం బలం దాచుకోండి. అరగంటకోసారి ఏదో ఒకటి తినాలి, ఆకలేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. అరటిపండు, ఖర్జూరం, పల్లీపట్టీ నాకు పడ్డాయి. ఖరీదైన ఎనర్జీ జెల్స్ నాకు కడుపులో తిప్పాయి. పంక్చర్ మీరే వేసుకోవడం నేర్చుకోండి, పోటీలో బయటివాళ్ళ సాయం తీసుకుంటే తప్పిస్తారు.

హైబ్రిడ్ చాలు. కొత్త సైకిల్ మీద పెట్టే డబ్బు గురించి మీ మరిది అన్నదాంట్లో ఆ ఒక్క ముక్క నాకూ నచ్చింది. సన్నటి టైర్లు వేయించి, సీటు ఎత్తు తెలిసినవాళ్ళ చేత సరిచేయించుకోండి.

సైకిల్ దిగిన వెంటనే పావుగంట పరిగెత్తడం వారానికోసారి చేయాలి. ఆ మొదటి కిలోమీటరు కాళ్ళు మనవి కావనిపిస్తుంది. అలవాటైతే గోవాలో భయపడరు.

జవాబు: అంబత్తూరు 55

అందరూ ప్రోత్సహిస్తున్నారు, సంతోషం. నా మాట కొంచెం వేరు. ఒకేసారి 70.3కి పోవద్దమ్మా. ముందు ఒలింపిక్ దూరం ఒకటి చేయండి: 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిల్, 10 పరుగు. విరాళం ఇచ్చినవాళ్ళ ముందు మొదటి పోటీయే పెద్దది పెట్టుకుంటే, మోకాలు నొప్పెట్టినా ఆపడానికి మనసొప్పదు. నా మిత్రుడొకడు అలాగే స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో (ఎముకలో సన్నటి చీలికతో) పరిగెత్తాడు. పోటీ పూర్తికాకపోయినా డబ్బు ట్రస్టుకే చేరుతుందని ముందే రాసిపెట్టండి, అది మీ కాళ్ళకి రక్ష.

ఇంకోటి, అత్తగారి మందులూ టిఫినూ తెల్లవారుజామున ఎవరు చూస్తారో ఇప్పుడే తేల్చుకోండి. వారానికి ఎనిమిది, పది గంటలు ఇంట్లోంచి తీయాలి.

జవాబు: జయనగర్ అనంతపురం

అక్కా, నేను బెంగళూరులో ఉంటాను. పరుగు పేరు మీద ఒక బడికి డబ్బు పోగుచేసిన అనుభవం ఉంది కాబట్టి ఆ సంగతి చెప్తాను. ఇక్కడ టీసీఎస్ వరల్డ్ 10కే పరుగులో ఏటా చానామంది ఏదో ఒక సంస్థ కోసం డబ్బు సేకరిస్తారు, అట్ల నేర్చుకున్నా.

మీ మరిదిగారి ప్రశ్నకి నా జవాబు ఇది. ఎంట్రీ ఫీజు, ప్రయాణం, సైకిల్ అంతా మీ జేబులోంచే. ఆ మాట మీరు పంపే సందేశంలో మొదటి వాక్యంగా రాయండి: "పోటీ ఖర్చంతా నాది, మీరిచ్చే ప్రతి రూపాయీ ట్రస్టు ఖాతాలోకే." అప్పుడు ఆ ఖర్చు మీ సొంతం, పిల్లల్తో ఊరెళ్ళినట్ల, నగ కొనుక్కున్నట్ల. దానికి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. ఇంక ఆ డబ్బు నేరుగా ఇస్తే ఒకరిచ్చినట్టు. మీరు ఏడాదిపాటు అడిగితే మూడు నాలుగొందలమందికి ఆ గదుల సంగతి తెలుస్తుంది. వాళ్ళలో కొందరు మీరు మానేశాక కూడా ఇస్తా ఉంటారు. నాకు ఇది కళ్ళారా తెలుసు.

టెర్రీ ఫాక్స్ కథ మీకు తెలిసే ఉంటుంది, మీ ఐఐటీ మద్రాసులోనే ఆయన పేరున పరుగు పెడతారు కదా. క్యాన్సర్‌తో కాలు పోయిన కుర్రాడు. 1980లో కృత్రిమ కాలుతో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు కెనడాలో పరిగెత్తాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకి ఆగిపోయాడు, మరుసటేడు పోయాడు. ఆయన అడిగింది కెనడాలో మనిషికి ఒక్క డాలరు. ఆయన బతికుండగానే అంత డబ్బూ వచ్చింది. పెద్దమొత్తం ఇచ్చేవాళ్ళ కోసం వెతక్కుండా చిన్నమొత్తం అందరినీ అడగడంలోని బలం అది. అంతెందుకు, మీ వదినకి వైద్యం జరిగిన ఆస్పత్రి చరిత్ర చూడండి. చెల్లెలు 1923లో క్యాన్సర్‌తో పోయాక, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు ఏళ్ళ తరబడి అడిగి అడిగి 1954లో 12 మంచాలతో మొదలుపెట్టించారు. అడగడం చిన్నతనం కాదక్కా.

ఇంక పద్ధతి. డబ్బు మీ ఫోన్‌పేకి రానీయొద్దు, ఒక్క రూపాయి కూడా. ట్రస్టు ఖాతా నంబరు, ట్రస్టు క్యూఆర్ మాత్రమే పంపండి. 80జి రసీదు (దాతకి ఆదాయపన్నులో మినహాయింపు వచ్చేది) ఇస్తారా అని ట్రస్టుని అడగండి, దానికి దాత పాన్ నంబరు కావాలి. 2000 దాటిన నగదుకి ఆ మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే అది పనికొస్తుంది కాబట్టి అదే ముఖ్యమన్నట్ల అడగొద్దు.

అమెరికా చుట్టాల దగ్గర జాగ్రత్త. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇచ్చేది విదేశీ విరాళం కిందికే వస్తుంది, ఓసీఐ కార్డున్నా, రూపాయల్లో ఇచ్చినా. ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుంటే వాళ్ళ దగ్గర తీసుకోకూడదు. మనవాళ్ళిళ్ళలో ఒకే ఇంట్లో అన్నకి ఆ పౌరసత్వం, తమ్ముడికి ఈ పాస్‌పోర్టు ఉంటుంది, అడిగి తెలుసుకోవాల్సిందే.

వాట్సాప్ గ్రూపులో పెడితే దండాలు పెడతారు, డబ్బు రాదు. ఒక్కొక్కరికి విడిగా, పేరు పెట్టి రాయండి, లేదా ఫోన్ చేయండి. ఐదు లక్షలని అడగొద్దు. ఒక కుటుంబానికి ఒక వారం గది, భోజనం ఎంతవుతుందో ట్రస్టుని అడిగి ఆ మొత్తం చెప్పండి. "ఒక వారం మీది" అంటే మనిషికి అర్థమవుతుంది. ఆ సూళ్ళూరుపేట ఆయన సంగతి, పేరూ ఫొటో లేకుండా, మీరు ఇక్కడ రాసినట్టే రాయండి. ఇచ్చినవాళ్ళకి నెలకోసారి నాలుగు వాక్యాలు పంపండి: ఎంత వచ్చింది, ఎన్ని వారాలు నిండాయి, మీ శిక్షణ ఎంతవరకు వచ్చింది.

ఉక్క విషయంలో మీరు అదృష్టవంతులు. మేము 900 మీటర్ల ఎత్తున చల్లగా నంది కొండ ఎక్కి సాధన చేసి గోవా పోతే అక్కడి తేమకి సగంమంది కూలబడతారు. ఒంటికి అది అలవాటు కావాలంటే పది, పద్నాలుగు రోజులు పడుతుంది. మీకు అది ఊరికే వస్తోంది.

నాయుడుపేట ఆడపడుచు (మళ్ళీ)

ఒక్కొక్కరికి చేతులెత్తి నమస్కారం. డాక్టరుగారూ, మీరు చెప్పాక పరీక్ష చేయించాను. హిమోగ్లోబిన్ 10.4. ఫెరిటిన్ కూడా తక్కువే. మందులు మొదలయ్యాయి, గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. టీఎంటీ బాగుందన్నారు. రిపోర్టు చూశాక, ఇన్నాళ్ళూ మెట్లెక్కితే వచ్చే ఆయాసం వయసువల్ల కాదని అర్థమైంది. ఇది చదివే నా వయసు ఆడవాళ్ళంతా దయచేసి ఒక్కసారి చూపించుకోండి.

అంబత్తూరు అన్నయ్యా, ఒలింపిక్ దూరం ముందు చేయడానికి ఒప్పుకుంటున్నాను, కానీ గోవా వాయిదా వేయను. వేసవిలోపు అది, తర్వాత ఇది. పోటీ ముగించినా ముగించకపోయినా డబ్బు ట్రస్టుదే అన్న మాట మీరు చెప్పినట్టే రాశాను. పొద్దున అత్తగారి టిఫిను మా ఆయన చూస్తానన్నారు. ఆవిడేమో నువ్వెళ్ళమ్మా, నాకు ఇడ్లీ పిండి కలిపిపెట్టు చాలు, నేనే వేసుకుంటా అన్నారు.

జయనగర్ చెల్లీ, ట్రస్టువాళ్ళని కలిశాను. 80జి ఉంది, ఎఫ్‌సీఆర్‌ఏ లేదు. కాబట్టి డాలస్‌లో ఉన్న మా పెద్దనాన్న కొడుకుని అడగను, ఇంకా ఇండియా పాస్‌పోర్టే ఉన్న అతని తమ్ముడిని అడుగుతాను. మీ జవాబు మొత్తం మరిదికి చదివి వినిపించాను. అంతా విని, రెండు వారాల గది తన పేరున రాయమన్నాడు. ఎంట్రీ ఖర్చు గురించి మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అది అతని అభిప్రాయం.

తిరువాన్మియూరు అన్నయ్యా, ఒక్కటి అడగాలి. నాకు దూరపు చూపు తక్కువ, కళ్ళజోడు లేకపోతే పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. కొలనులో నల్లగీత చూసుకుని ఈదేస్తాను. సముద్రంలో తలెత్తి ఏం చూడాలి?

జవాబు: తిరువాన్మియూరు సైకిల్

పవరున్న స్విమ్మింగ్ గాగుల్స్ రెడీమేడ్‌గా దొరుకుతాయమ్మా, మైనస్ నంబర్లలో. సైట్ ఒక్కటే అయితే కళ్ళడాక్టరు చీటీ చూపించి దానికి దగ్గరి నంబరు తీసుకోండి. చీటీలో సిలిండర్ నంబరు ఎక్కువుంటే షాపువాళ్ళని అడిగి చేయించుకోవాలి. కాంటాక్ట్ లెన్స్‌తో మాత్రం సముద్రంలో దిగకండి, కంటికి ఇన్ఫెక్షన్ రావచ్చు. నీళ్ళలో ఉన్నప్పుడు తేలే గుర్తుని ఒక్కదాన్నే వెతక్కండి, దాని వెనక ఒడ్డు మీద ఎత్తుగా ఉన్న భవనమో సెల్‌టవరో ముందే చూసి పెట్టుకుంటే అల అడ్డొచ్చినా అది కనబడుతుంది.

వచ్చే ఆదివారం ఐదున్నరకి మా బృందం దిగుతోంది, పడవ ఉంది. మా ఆవిడ కూడా వస్తుంది, ఆమె కొత్తవాళ్ళతో నడుములోతులోనే ఉంటుంది. మీరు ఊరికే ఒడ్డున కూర్చుని చూసినా సరే, రండి. టోపీ నేను తెస్తాను.